నలభై మూడు చుక్కలు

మా అయ్య దొంగతనం చేశాడని నాకు జూన్‌లోనే తెలుసు. పట్టుకున్నదీ నేనే, కప్పెట్టిందీ నేనే. కాబట్టి ఈ కథలో నన్ను మంచిదాన్ని అనుకోవాల్సిన మొహమాటం ఎవరికీ అక్కర్లేదు.

అయ్య ఎత్తుకుపోయింది సముద్రంలోని గొట్టాలు. ఒక్కడే కాదు, ఊరంతా కలిసి. మొత్తం నలభై మూడు.

ఆ గొట్టాలు ఎలా పనిచేస్తాయో అయ్యకి మొదట చెప్పింది కూడా నేనే. మూడేళ్ల కిందట, విశాఖలో కొండ మీదున్న తుఫాను ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. శ్రీకాకుళం తీరంలో దిబ్బలపేట మాది. ఇంటి ముందు అయ్య వల బాగుచేసుకుంటున్నాడు. అక్క బంగారి అత్తారింటి నుంచి వచ్చి, ఇసకలో ఆరబోసిన చేపలు తిరగేస్తోంది.

"తుఫానుకి అడ్డంగా గొట్టాలెడతారంట గదేటే సదూకున్నోలు," అన్నాడు అయ్య తలెత్తకుండా.

"అడ్డం కాదయ్యా. దానికి కూడు తగ్గిస్తాం. తుఫాను బతికేది వేడినీళ్ల మీద. సముద్రం పైన ఎంత వేడిగా ఉంటే అదంత బలుస్తాది. రెండొందల మీటర్ల కింద నీళ్లెప్పుడూ చల్లగానే ఉంటాయి కదా. అంత పొడుగు గుడ్డ గొట్టం వేలాడదీస్తాం. పైన తేలడానికి రబ్బరు చక్రం, లోపల ఒక మూత. అల లేచి పడినప్పుడల్లా మూత తెరుచుకుని ఒక గుక్క చన్నీళ్లు పైకొస్తాయి. అలాంటివి నాలుగొందల పన్నెండు వరసగా."

"పొయ్యిలో నీళ్లు పోసినట్టు," అంది అక్క.

"అంతే."

అయ్య దారం పళ్లతో కొరికాడు. "కింద నీల్లు పైకొత్తే కిందున్న మేత కూడా పైకొత్తాది. మేతొత్తే సేపొత్తాది. మీ గొట్టాల కాడ కోనం సేపలు గుంపులు కడతాయే లోవా."

మా ల్యాబ్‌లో ఇద్దరు పీహెచ్‌డీలకి అదే మాట రాయడానికి పద్దెనిమిది నెలలూ అరవై పేజీలూ పట్టాయి. నేను ఆ రోజు నవ్వాను. నవ్వే బదులు రాసుకుని ఉండాల్సింది.

ఆ వరసకి మేం పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు. జనం 'గోడ' అన్నారు. గోడ పెట్టాక వచ్చిన మొదటి తుఫాను వానలా కురిసి పోయింది. రెండోది కొబ్బరాకులు రాల్చింది. ఆ తర్వాత మా వాళ్లు ఆకాశం చూడ్డం మానేశారు. ఫోన్‌లో గోడ మ్యాప్ తీస్తారు. గొట్టానికొక చుక్క. చుక్కలు పచ్చగా ఉంటే వెళ్లి అన్నం వండుకుంటారు. అధికారులూ అంతే. పచ్చ చుక్కల వెనకున్న ఊళ్లకి బస్సులు పంపడం మానేశారు.

చుక్కని పచ్చగా ఉంచేది గొట్టం కాదు, దాని మీద బిగించిన అరచేతంత పెట్టె. నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది. నిమిషానికోసారి 'ఉన్నాను, ఇక్కడే ఉన్నాను' అంటుంది. ఎలా ఊగుతోందో కూడా చెబుతుంది. అంతకన్నా దానికేమీ తెలీదు. నీళ్ల చల్లదనం చూసేది ఉపగ్రహం. మబ్బు పడితే అది గుడ్డిది. అది గుడ్డిదైనప్పుడు, 'పెట్టె ఉందంటే గొట్టం ఉంది, గొట్టం ఉందంటే నీళ్లు చల్లగా ఉన్నాయి' అని తుఫాను దారి లెక్కగట్టే మా మోడల్ తనకి తాను చెప్పుకుంటుంది. ఇంజనీర్లం కదా, ధైర్యవంతులం.

జూన్‌లో ఒక ఉదయం నలభై మూడు పెట్టెల మీద హెచ్చరిక వచ్చింది. నంబర్లు రెండొందల ఎనిమిది నుంచి రెండొందల యాభై. 'కదలిక అసాధారణం.' నీళ్లు నిండిన గొట్టం ముసలి గేదెలా ఊగుతుంది, ఎనిమిది సెకన్లకోసారి. ఇవి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఆ వణుకు నేను ఎరిగిందే. ఏడేళ్లప్పుడు అయ్య నన్ను థర్మోకోల్ దిమ్మ మీద బోర్లా పడుకోబెట్టి ఈత నేర్పాడు. నేను దిగగానే, చిన్న తరంగానికి కూడా ఆ దిమ్మ అలాగే వణికేది.

ఫోన్ చేశాను. "అయ్యా, పెట్టెలు ఊడదీసి థర్మోకోల్ దిమ్మలకి కట్టేరా?"

"ఎవులు సెప్పినారు?"

"దిమ్మలే చెప్పాయి. గొట్టాలెక్కడ?"

"మన ఊరెదర లాక్కొచ్చినాం. సీట్లేసి పంచుకున్నాం, ఇంటికొకటి. ఎవులికీ సెప్పమని గంగమ్మ కాడ సెయ్యేసినాం. నీకు సెప్పినట్టు కూడా నాకు గేపకం నేదు."

"గవ్వలరేవు ముందు నుంచి తీశారు. అక్క ఉన్న ఊరు."

"సముద్రానికి ముందేటి, ఎనకేటి. తుఫాన్ల కాలానికి ముందే ఒట్టుకెల్లి పెట్టెత్తాం. దసరాకి. గొట్టం కాడ ఎంతెంత కోనాలు పడతన్నాయో నీకు తెల్దు గుంటా."

గోడని ముట్టుకుంటే పదేళ్ల జైలు. నలభై మూడిళ్లలో మగాళ్లందరూ. నేను కుర్చీ ముందుకి జరుపుకుని ఏడు వరసల కోడ్ రాశాను. చిన్న వణుకులు వస్తే పట్టించుకోవద్దని దాని అర్థం. 'అలల గోల' అని పేరు పెట్టాను. మా డైరెక్టర్ ఇందుమతి మేడమ్ చూసి, 'బాగుంది' అని బొటనవేలు బొమ్మ పెట్టింది. చుక్కలు పచ్చబడ్డాయి.

దసరా అయింది. "పెట్టేసినారా?" అని అడిగాను. "పెట్టేసినాం," అన్నాడు. నిజమో కాదో చూడాలంటే నా ఏడు వరసలు తీసి చూడాలి. అర నిమిషం పని. చూడలేదు. ఆ వారమే గవ్వలరేవు నుంచి ఎల్లాజీ బావ ఫోన్ చేసి, "సేపలన్నీ మీ ఊరికే అత్తోరిల్లనుకుంటన్నాయేటి మరదలా? మా వలల్లోకి నాచు తప్ప ఏదీ రాదు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇంట్లో నవ్వులకేం తక్కువ లేదు.

నవంబర్ పదమూడున తుఫాను మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యాహ్నం రెండుకి తీరం దాటుతుంది. గోడ మొత్తం పచ్చగా ఉంది. తెల్లారి ఆరు కావస్తుండగా కంట్రోల్ రూమ్‌లో అందరూ ఇడ్లీలు తింటున్నారు. మనశ్శాంతి కోసం, నా తెర మీద మాత్రం ఏడు వరసలు తీసి చూశాను.

నలభై మూడూ వణుకుతున్నాయి.

ఇందుమతి మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ తెర వైపు చూసింది.

"ఉన్నాయిగా."

"అవి థర్మోకోల్ దిమ్మలు మేడమ్. గొట్టాలు లేవు. మా ఊరివాళ్లు చేపల కోసం లాక్కుపోయారు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"జూన్."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. ప్లేటు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "నీ సంగతి రేపు చూద్దాం. ఆ నలభై మూడు ఇప్పుడెక్కడ ఉన్నాయో సరిగ్గా చెప్పు. అది తెలియకుండా మోడల్ నడిపితే ఇంకో అబద్ధం చెబుతుంది. ఏ ఊరు ఖాళీ చేయించమని చెప్పను?"

అయ్యకి ఫోన్ చేశాను. వెనక గాలి మొదలైంది. ఎవరో పడవ ఇంజను ఒడ్డుకి మోయిస్తున్నారు.

"పెట్టేసినాం అన్నావు."

"అన్నాను."

"అబద్ధం."

"ఔను. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాం."

"అక్క ఊరి మీదికి పోతోందయ్యా. ఎక్కడ కట్టేరో చెప్పు."

"గంగమ్మ కాడ సెయ్యేసినానే."

ఫోన్‌లో గాలి ఒక్కటే ఉంది. చివరికి అయ్యే అన్నాడు. "పేర్లు సెప్పను. గురుతు సెప్తాను, రాసుకో."

మా వాళ్లకి సముద్రంలో చోటంటే అంకెలు కాదు, కొండలు. "మహేంద్రగిరి కొన కింద గూని కొండ సగం దాగుండాల. దక్షిణాన జంట మెట్టలు ఒకటైపోవాల. ఆ రెండూ కలిసిన కాడ మొదటి గొట్టం. అక్కడ్నించి ఉత్తరానికి, కేకేత్తే ఇనపడేంత దూరానికొకటి."

మ్యాప్ మీద రెండు గీతలు గీశాను. అవి కలిసిన చోటుని అక్షాంశం, రేఖాంశంలోకి మార్చడానికి నాకు నలభై సెకన్లు పట్టింది. నాలుగేళ్ల చదువుతో నేను చేసిన అసలైన అనువాదం అదొక్కటే.

మోడల్ పదకొండు నిమిషాలు తిరిగింది. గవ్వలరేవు ముందు వేడినీళ్ల సందు. పక్కన దిబ్బలపేట ముందు రెండింతల చల్లదనం. తుఫాను కన్ను చల్లనీళ్ల నుంచి పక్కకి జరిగి, నేరుగా ఆ సందులోకి దూరింది. లోపలికి వచ్చేకొద్దీ బలిసింది. గవ్వలరేవు దగ్గర ఉప్పెన ఎత్తు అయిదు మీటర్లు.

అయ్య ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "మన ఊరికేటవుద్ది?"

"ఏం కాదు. చినుకులు."

అప్పుడు అయ్య గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను ముందెప్పుడూ వినలేదు.

ఏడుంపావుకి ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు వెళ్లింది. ఎనిమిదికి తొమ్మిది బస్సులు గవ్వలరేవు చేరాయి. ఎనిమిదిన్నరకి ఎల్లాజీ బావ ఫోన్.

"మరదలా, బస్సులొచ్చినాయి. డ్రైవర్లు బీడీలు కాల్సుకుంటన్నారు. ఒక్కలెక్కట్లేదు. సుక్కలు పచ్చగున్నాయి గదా, గవర్మెంటోలికి పని నేదేటి అంటన్నారు. మీ అక్కే సంచి సర్దలేదు."

చుక్క రంగు మార్చాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. మేడమ్ అప్పటికి పదిసార్లు ఫోన్ చేసింది. పదకొండోసారి కూడా ఎవరూ ఎత్తలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి నా వైపు చూడకుండా అంది.

"రంగు నేను మార్చకూడదు. నీ ఫిల్టర్ నువ్వు తీసేస్తే వాటంతటవే మారతాయి. నేను టీ తెచ్చుకోవడానికి వెళ్తున్నాను. నాకేం తెలీదు."

టీ గదిలోనే ఉంది. ఆవిడ బయటికి వెళ్లింది.

ఏడు వరసలు చెరిపేశాను. తీరమంతా ఫోన్లలో నలభై మూడు చుక్కలు ఎర్రబడ్డాయి. వాటితోపాటు, ఏనాడో ఎవరో రాసిపెట్టిన సందేశం కూడా వెళ్లింది. 'గొట్టం తొలగించబడింది.'

జనం లేచారు. పావుగంటలో తొమ్మిది బస్సులూ కిక్కిరిసి కదిలాయి. కానీ 'తొలగించబడింది' అని చదివినవాళ్లు ఊరుకోరు కదా. ఎవరు తొలగించారని అడుగుతారు. అయిదు నెలలుగా దిబ్బలపేట వలల్లో కోనాలు, తమ వలల్లో నాచు. గవ్వలరేవు వాళ్లకి జవాబు దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

అదే సమయానికి అయ్య, అక్కని తీసుకురమ్మని మా ఊరి వ్యాను పంపాడు. తోలుతున్నది మా చిన్నాన్న అప్పన్న. రెండూళ్ల మధ్య గెడ్డ మీద వంతెన దగ్గర గవ్వలరేవు మగాళ్లు అరవై మంది ఎదురయ్యారు. ఎక్కడి బండి అని అడిగారు. చిన్నాన్న అబద్ధం ఆడడం రానివాడు. దిబ్బలపేట అన్నాడు. తెడ్లతో అద్దాలు పగలగొట్టి, ఆయన్ని జుట్టు పట్టి లాగి, లంగరు ఇనుముతో రెండు మోకాళ్లూ విరగ్గొట్టారు. వ్యానుని వంతెనకి అడ్డంగా తిప్పి నిప్పుపెట్టారు. వాన అప్పటికి పక్కకి కొడుతోంది. అయినా డీజిల్ మండింది.

ఖాళీగా తిరిగొస్తున్న బస్సులు ఆ వంతెన దాటాలి. వేరే దారి లేదు. తొమ్మిది వందల మంది ఊళ్లోనే ఉండిపోయారు. అందులో దారి మూసిన ఆ అరవై మంది పెళ్లాం పిల్లలు కూడా ఉన్నారు.

ఉండిపోయినవాళ్లు తుఫాను షెల్టర్‌కి వెళ్లారు. స్తంభాల మీద కట్టిన రెండంతస్తుల భవనం, ఆరు వందల మందికి. పన్నెండున్నర దాటాక బావ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. మేడమ్ స్పీకర్ పెట్టమంది. వెనక గాలి, రేకుల మీద లారీడు కంకర గుమ్మరిస్తున్నట్టు.

"మరదలా, షెల్టర్ మెట్ల మీదున్నాం. బంగారిని లోనికి రానివ్వట్లేదు."

"ఎవరు?"

"ఎవులేటి, అందరూ. దొంగలూరి గుంట అంటన్నారు. చోటు లేదంటన్నారు." అంతలో ఫోన్ దూరం జరిగింది. బావ ఎవరితోనో అంటున్నాడు. "సిట్టమ్మత్తా, నీ కొడుకు పెల్లికి మూడ్రోజులు వండిందే ఇది. మొకం సూడు."

ఒక ఆడగొంతు వినిపించింది. "దీని బాబు తినీసిన సేపలకి మా పిల్లలు పోతారు. పొమ్మను. దీని ఊరికే పొమ్మను. ఆల ఊరికి సినుకులంట గదా."

ఆ మాట నేను అయ్యకి చెప్పిందే. అయ్య ఎవరితో అన్నాడో, అది ఇంత దూరం ఎలా నడిచిందో.

తర్వాత తోపులాట. ఏదో గట్టిది తల మీద పడిన చప్పుడు, తడి చప్పుడు. అక్క అరుపు. ఇనప తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది. రెండోసారి మూసుకున్నప్పుడు అక్క అరుపు వేరేలా వచ్చింది. అక్క చెయ్యి తలుపు సందులో ఉందని నాకు తర్వాత తెలిసింది.

"చెయ్యి తీయండ్రా, చెయ్యి," అంటున్నాడు బావ. తెడ్డుతో తలుపు బాదుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వినపడలేదు. సెల్ టవర్ పడిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో పద్నాలుగు మంది ఉన్నాం. ఇక మాకు గవ్వలరేవు నుంచి మాట్లాడే మనిషంటూ ఎవరూ లేరు.

చుక్కలు మాత్రం ఉన్నాయి.

పదింటికే దిమ్మల తాళ్లు తెగాయి. అప్పటి నుంచీ నలభై మూడు ఎర్ర చుక్కలు తీరం వైపు కొట్టుకొస్తున్నాయి. రెండు ఇరవైకి మొదటిది ఒడ్డు దాటింది. ఒడ్డు దగ్గర ఆగలేదు. మ్యాప్ మీద సముద్రం అయిపోయిన గీత దాటి, పడవల రేవు దాటి, వీధిలోకి వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత ఏడెనిమిది ఒకేసారి. దొంగిలించిన పెట్టెలు 'ఉన్నాను, ఇక్కడే ఉన్నాను' అనుకుంటూ గవ్వలరేవులోకి నడిచాయి. ఒకటి స్కూలు ప్రహరీ దగ్గర ఒక నిమిషం ఆగి, ప్రహరీ పోయిందేమో, స్కూలు మధ్యలోంచి వెళ్లింది. ఒకటి రామాలయం వీధిలో గిరగిరా తిరిగింది. ఒకటి అక్క ఇంటి మీదుగా వెళ్లింది. అక్కడ ఇల్లు మిగిలి ఉంటే దాని మీదుగా వెళ్లగలిగేది కాదు. ఎత్తు చూపించే గడిలో అంకెలు రెండు, మూడున్నర, నాలుగు పాయింట్ ఎనిమిది.

మా దేశంలో ఉప్పెనని ఇంత కచ్చితంగా ఎవరూ కొలిచి ఉండరు. ఎవరో వెనక నుంచి ఆ మాట అన్నారు కూడా. అన్నాక వాళ్లే బయటికి వెళ్లి వాంతి చేసుకున్నారు.

షెల్టర్ దగ్గర ఆరు చుక్కలు చేరాయి. నేను వాటి వణుకు గీతలు తెర మీద పెద్దవి చేశాను. ఎందుకో నాకే తెలీదు. కళ్లకి ఏదో ఒక పని కావాలి.

మూడు పదకొండుకి రెండొందల పదిహేడో నంబర్ వణకడం మానేసింది. ఆగిపోలేదు. నెమ్మదించింది. బరువుగా, మునిగి తేలుతూ ఊగడం మొదలుపెట్టింది. మూడు పద్నాలుగుకి రెండొందల ముప్ఫై ఒకటి కూడా.

"ఏమైంది?" అంది మేడమ్.

"బరువు పడింది మేడమ్."

"చెత్త చిక్కుకుందేమో."

"చెత్త ఇలా ఊగదు. చూడండి. అప్పుడప్పుడూ పైకి ఎగబాకుతోంది. పట్టు సర్దుకుంటోంది. దాన్ని పట్టుకుని ఎవరో ఉన్నారు."

ఏడేళ్లప్పుడు నేను ఊగిన ఊపే అది. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

రెండు గీతలు పక్కపక్కన, కొన్ని మీటర్ల దూరంలో. ఒకటి అక్క. ఇంకోటి బావ. లేదా ఇద్దరూ కాదు. రెస్క్యూ బోట్లు గాలి తగ్గేదాకా కదలవు, అయిదు దాటుతుంది. నేను తెర ముందు కూర్చుని గీతల్ని ఊపిరిలా లెక్కపెట్టాను. పైకి, కిందికి. పైకి, కిందికి.

మూడు యాభై రెండుకి రెండొందల ముప్ఫై ఒకటి మళ్లీ వణకడం మొదలుపెట్టింది. చిన్నగా, చురుగ్గా, ఏ బరువూ లేనట్టు.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను మిగిలిన గీతకి కళ్లప్పగించి, దాని అక్షాంశం, రేఖాంశం రెస్క్యూ వాళ్లకి ప్రతి అయిదు నిమిషాలకీ చదువుతూ ఉన్నాను. అయిదున్నరకి బోటు బయల్దేరింది. ఆరుంపావుకి రెండొందల పదిహేడు ఒక్కసారి పైకి లేచి కదలకుండా అయిపోయింది. బోటులోకి ఎత్తారు.

"ఆడమనిషి," అన్నాడు బోటులో ఎవరో రేడియోలో. "బతికే ఉంది. దిమ్మని వదలట్లేదు."

షెల్టర్ నిలబడింది. లోపలున్నవాళ్లు బతికారు. చిట్టమ్మత్త కూడా. వంతెన దగ్గరున్న అరవై మందిలో నలభై మంది దొరకలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. అక్క కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. తలుపు నలిపేసినవి అవి. ఎడమ అరచేతిలో చర్మం లేదు. మంచం కింద ఒక థర్మోకోల్ దిమ్మ ఉంది, దానికి మా పెట్టె. నర్సులు తీయబోతే అక్క ఒప్పుకోలేదంట. అయ్య నేల మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదని ఆ గది చూస్తేనే తెలుస్తోంది. బావ ఇంకా దొరకలేదు.

"తలుపేసిందెవరక్కా?" అన్నాను.

"తెలుసు. సెప్పను." అని కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది. "ఎల్లాజీ ఎప్పుడొదిలీసినాడే? నీకు తెలుస్తాది గదా, నీ పెట్టెల్లో."

తెలీదు అనొచ్చు. అర నిమిషం పని. ఏడు వరసలు కూడా అక్కర్లేదు, ఒక్క మాట.

"మూడు యాభై రెండు."

"ఎంత ఎలుగున్నాది అప్పుడు?"

"పగలేనక్కా."

తల అడ్డంగా ఊపింది. "కాదు. సీకటడిందాకా పలికినాడు. నాకేటీ కనపడ్నేదు, కల్లల్లో ఇసక. ఉన్నావా అంటే ఉన్నాను అనీవోడు. నాను అడిగినప్పుడల్లా అన్నాడు. అందుకే నాను ఒదల్నేదు."

"మూడు యాభై రెండక్కా."

చాలాసేపు నన్ను చూసింది. నేను మాట మార్చుకుంటానని చూసినట్టు.

"మరి ఆ తరవాత నాకు ఉన్నాను అని సెప్పిందెవులే?"

అయ్య లేచాడు. వరండాలో గవ్వలరేవు మగాళ్లు గుంపుగా ఉన్నారు, శవాల జాబితా కోసం. కొందరి చేతుల్లో ఇంకా తెడ్డుముక్కలు, ఎందుకు పట్టుకున్నారో వాళ్లకే తెలీనట్టు. అయ్య తలుపు తీసుకుని వాళ్ల మధ్యకి వెళ్లాడు.

"మొదటి గొట్టం తాడు నాను కోసినాను," అన్నాడు. "నా పేరు దానయ్య. దిబ్బలపేట."

నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. "మీకు కనపడకుండా చేసింది నేను," అన్నాను.

ముందు ఒకడు కదిలాడు, వాడి వెనక అందరూ. అయ్య మోకాళ్ల మీద పడ్డాడు. నా చెవి దగ్గర ఏదో పగిలి, మెడ మీదికి వెచ్చగా కారింది. గోడ పట్టుకున్నాను.

తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద నుంచి అక్క పిలిచింది.

"లోవా, ఉన్నావేటే?"

"ఉన్నాను," అన్నాను.